సౌలు కవచమూ, సాదా సైకిలూ



పోయిన నెల గద్వాల వైపు కూడికలకు వెళ్ళాం. ఆఖరి రోజు అందరూ భోజనాలకు లేచాక ఒక యౌవనస్థుడు మా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఏదో ప్రార్థన మనవి ఉంటుందనుకున్నాం. "అయ్యగారూ, నల్లమల గుట్టల దిక్కు తొక్కెటందుకు సైకిల్ కొందామనుకుంటున్న. ముందల షాకబ్జర్లు ఉన్నది తీస్కోవాల్నా, లేనిది తీస్కోవాల్నా? మీరు గుట్టలల్ల సైకిల్ మీద తిరుగుతరంట గదా" అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వాం. అమ్మగారు నవ్వుతూనే అతని చేతిలో ఇంకొక గ్లాసు మజ్జిగ పెట్టారు.

కాని రాత్రి బస్సులో తిరిగి వస్తుంటే ఆ నవ్వు నిలవలేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటేటప్పుడు ఇద్దరికీ ఒకే ముఖం గుర్తుకు వచ్చింది. ఆ అవ్వ సంగతి ఇంతవరకు మేము ఎక్కడా రాయలేదు. ఆ తమ్ముడికి జవాబు చెప్పాలంటే అది కూడా చెప్పాలి.

మా పరిచర్య అంతా ఒకప్పటి పాలమూరు జిల్లాలోనే గడిచింది. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా విడిపోయినప్పుడు మేమున్న మూడు చోట్లూ మూడు జిల్లాలయ్యాయి: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. మూడు నేలలు, మూడు సైకిళ్ళు.

మొదటిది గద్వాలలో. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల కనుక దాన్ని నడిగడ్డ అంటారు. పెళ్ళయిన కొత్తలో మా ఇంటి పెద్దాయన తన సైకిలు మాకిచ్చారు. నల్ల రంగు, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, స్ప్రింగుల తోలు సీటు, వెనక మనిషి కూర్చోగల క్యారియరు. ఆ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ పాలవాడికీ, పోస్ట్‌మ్యాన్‌కూ, పంతులుకూ ఉన్న సైకిలే అది. 1951లో సోనీపత్‌లో పుట్టిన అట్లాస్ కావచ్చు, మద్రాసు దగ్గర అంబత్తూరులో తయారైన హెర్క్యులెస్ కావచ్చు, లుధియానా హీరో కావచ్చు. అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉండేవి. దానికి షాకబ్జర్లు లేవు. అయినా దాని మీద పదిహేను కిలోమీటర్లు పోయి వస్తే నడుము నొచ్చేది కాదు. ముందు ఫోర్కు బాగా ముందుకు వంగి ఉండేది, హ్యాండిలు సీటు కంటే ఎత్తుగా ఉండేది, మనిషి నిటారుగా కూర్చునేవాడు, సీటు కింద స్ప్రింగులు పనిచేసేవి. వానాకాలం నల్లరేగడి మాత్రం దాన్ని ఓడించేది. మట్టి మడ్‌గార్డుకూ టైరుకూ నడుమ ఇరుక్కుని చక్రం తిరగనిచ్చేది కాదు. పెద్దాయన ఎప్పుడూ క్యారియరుకు ఒక చిన్న కట్టెపుల్ల కట్టి ఉంచేవారు, ఆ మట్టి పొడిచి తీయడానికి. అదీ కుదరకపోతే సైకిలును భుజాన వేసుకునేవారు. "రోజూ అది మనల్ని మోస్తుంది, ఒకరోజు మనం దాన్ని మోస్తే ఏమాయె" అనేవారు.

రెండవది వనపర్తిలో. అక్కడ నేల మారిపోయింది. ఎర్రమట్టి, గులకరాళ్ళు, గుండ్రాళ్ళ గుట్టలు. ఖిల్లా ఘనపురం వైపు పోతే గుట్ట దిగడం, మళ్ళీ ఎక్కడం. పాత సైకిలు అక్కడ కూడా కొన్నేళ్ళు నడిచింది గాని, సన్నని టైర్లు గులకలో జారేవి, వానలో కడ్డీ బ్రేకులు పట్టేవి కావు. మమ్మల్ని అచ్చంపేట వైపుకు పంపే రోజు వచ్చినప్పుడు వనపర్తి సంఘంలోని యౌవనస్థులు డబ్బు పోగుచేశారు. "గుట్టలకు పోతున్నరు, మంచి సైకిల్ కొనుక్కోర్రి, ఏది కావాల్నో మీరే చూస్కోర్రి" అన్నారు.

మేమే చూసుకున్నాం. ఇది ఒప్పుకోవలసిన మాట. ఆ కొట్లో పది రకాల సైకిళ్ళు ఉన్నాయి. ముందు ఫోర్కులో స్ప్రింగులు, ఫ్రేము మధ్యలో ఇంకొక పెద్ద స్ప్రింగు, డిస్కు బ్రేకులు, ఎరుపూ పసుపూ రంగులు ఉన్న సైకిలు ముందు మా కాళ్ళు ఆగిపోయాయి. సీటు మీద కూర్చుని ఒత్తితే ఊయలలాగ ఊగింది. మెత్తగా ఉంది కదా, గుట్టలకు ఇదే సరి అనుకున్నాం. పిల్లలు ఫొటోలు తీశారు. కొత్త పల్లెకు ఆ సైకిలు మీద వెళితే నలుగురూ చూస్తారన్న ఆశ మాలో లేదని ఎలా చెప్పగలం?

ఇక మూడవ చోటు. అచ్చంపేట, బల్మూరు, లింగాల దాటి దక్షిణానికి పోతే నల్లమల మొదలవుతుంది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు మీలో చాలామంది చూసే ఉంటారు. రాత్రి తొమ్మిది నుండి తెల్లవారి ఆరు వరకు అక్కడ వాహనాలను వదలరు. లోపల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా ఆ లోపలికి ఎవరూ పోకూడదు, మేమూ పోము. మేము తిరిగేది అడవి అంచున ఉన్న పల్లెలకు. అయినా దారి దారే: బస్సు దిగాక ఆరు కిలోమీటర్లు ఎర్రమట్టి బాట, తరువాత మూడు కిలోమీటర్లు రాళ్ళు, వేర్లు, వాగు ఇసుక. ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని ఊరివాళ్ళు చెబితే, పొద్దెక్కిన తరువాతే బయలుదేరి, మలుపుల దగ్గర బెల్లు కొట్టుకుంటూ పోతాం.

ఆ దారి చివర మా అవ్వ ఉండేది. కొడుకూ కోడలూ పాలమూరు కూలీలందరిలాగే దూరదేశం పనికి పోయారు, ఏడాదికి ఒకసారి వస్తారు. అవ్వకు రక్తపోటు. ప్రతి నెలా మొదటి శనివారం మేము అచ్చంపేట నుండి గోళీలు తీసుకుపోయి ఇచ్చేవాళ్ళం. చెరువు కట్ట మీద ఒక చోట సిగ్నలు దొరుకుతుంది. అక్కడికి తీసుకుపోయి కొడుకుతో మాట్లాడించేవాళ్ళం. ఇంతే మా పని. అది చిన్న పనే అని మేము అనుకునేవాళ్ళం.

ఒక ఆగస్టు శనివారం, ముందురోజు వాన పడి ఉంది. ఆ ఊగే సైకిలుకు మామూలు క్యారియరు బిగించడానికి చోటు లేదు, అందుకని సీటు కింది గొట్టానికే ఒక క్యారియరు పట్టీలతో బిగించాం. దాని మీద అమ్మగారు కూర్చున్నారు. ఒక దిగుడులో బ్రేకు పట్టగానే ముందు స్ప్రింగులు ఒక్కసారిగా కుంగిపోయాయి, ముందు చక్రం రాయికి తగిలింది, వెనక క్యారియరు పక్కకు తిరిగింది. ఇద్దరం పడ్డాం. ఒకరికి కాలర్ బోన్ విరిగింది, ఒకరికి ముంజేయి బెణికింది. గోళీల సంచి తుమ్మచెట్టు కింద పడింది. పశువులు కాసే పిల్లలు చూసి ఊరివాళ్ళను పిలుచుకు వచ్చారు.

తప్పు సైకిలుదా? కాదు ప్రియులారా. దాన్ని ఎవరు ఏ పనికి తయారు చేశారో ఆ పనికి అది పనికివస్తుందేమో. ఇద్దరు మనుషులను, సంచులను మోసుకుని రాళ్ళ దిగుడు దిగమని దానితో ఎవరూ చెప్పలేదు, మేమే చెప్పాం.

మూడు నెలలు ఇంట్లో ఉన్నాం. ఆ మూడు నెలల్లో గోళీలు ఎవరితోనైనా పంపవచ్చు. పంపలేదు. "వచ్చే నెలకు మనమే పోదాంలే" అనుకున్నాం. మూడుసార్లు అలాగే అనుకున్నాం.

నవంబరులో ఒక ఆటోలో బాట ఉన్నంతవరకు పోయి, మిగిలింది నడిచి చేరాం. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నోరు కొద్దిగా ఒక పక్కకు వంగింది. ఎడమ చెయ్యి ఒడిలో అలాగే పడి ఉంది. దసరా ముందు పక్షవాతం వచ్చిందట. మమ్మల్ని చూసి నవ్వింది. "వచ్చిండ్రా బిడ్డా" అంది. కాసేపటికి, "ఆశమ్మ గోళీలు తెచ్చిస్తనన్నది. వద్దన్న. మా అయ్యగారు, అమ్మగారు తెస్తరు అని చెప్పిన" అంది.

మేము ఏమీ మాట్లాడలేకపోయాం. తిట్టి ఉంటే బాగుండేది. నమ్మింది, ఆ నమ్మకమే ఆమె చేతిని తీసుకుపోయింది. తిరుగు నడకలో మూడు కిలోమీటర్లూ ఒక్క మాట లేకుండా నడిచాం.

మీకు దావీదు సంగతి తెలుసు. గొల్యాతు మీదికి పోయే ముందు సౌలు రాజు తన కవచం, తన శిరస్త్రాణం ఆ పిల్లవాడికి తొడిగాడు. దావీదు నాలుగడుగులు వేసి చూసి, అలవాటు లేదని చెప్పి తీసివేసి, తన కర్ర, వడిసెల, వాగులోని ఐదు రాళ్ళు పట్టుకుపోయాడు. ఈ భాగం మీద మేము ఎన్నిసార్లు మాట్లాడామో లెక్క లేదు. సైకిళ్ళ కొట్లో మాత్రం సౌలు కవచాన్నే చూసి ముచ్చటపడ్డాం.

ఎముక అతికాక ఆ సైకిలును ఒక పాత సైకిలు మేస్త్రీ దగ్గరకు తీసుకుపోయాం. నలభై ఏళ్ళుగా అదే పని చేస్తున్న పెద్దమనిషి. మా కథంతా విన్నాడు. ముందు ఫోర్కును రెండుసార్లు నొక్కి చూసి, "అయ్యగారూ, మెత్తదనం గొట్టంల గాదు, టైరుల ఉండాలె. గొట్టంల స్ప్రింగు వాడైతే నేను బాగ చెయ్యలేను. టైరుల గాలి మీరు గూడ సరిచేస్కోవచ్చు" అన్నాడు. తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఆ ఒక్క మాటే. మిగతాది వివరణ.

ఆయన మాకు చూపించింది 26 అంగుళాల చక్రాల సాదా ఇనుప సైకిలు. మన ఊళ్ళల్లో రేంజర్ సైకిలు అంటారే, ఆ రకం. ముందు వంగిన ఇనుప ఫోర్కు, స్ప్రింగులు లేవు. టైరు మీద 26 x 2.125 అని ఉంది. తరువాత చదువుకున్నాక తెలిసింది, ఆ కొలత టైరును అమెరికాలో ష్విన్ కంపెనీ 1933లోనే సైకిళ్ళకు పెట్టిందని. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు యువకులు ఆ పాత ఇనుప సైకిళ్ళనే కొండల మీదికి ఎక్కించి దిగుతూ ఆడుకునేవారట. 1976 అక్టోబరు 21న మొదలైన వాళ్ళ పందానికి రీప్యాక్ అని పేరు. దిగేసరికి వెనక హబ్బు బ్రేకులోని గ్రీజు కాలిపోయి మళ్ళీ నింపవలసి వచ్చేది, అందుకు ఆ పేరు. మరుసటి ఏడాది జో బ్రీజ్ అనే ఆయన కొండల కోసమే ఇనుప ఫ్రేము కట్టాడు. 1981లో కొట్లలోకి వచ్చిన స్టంప్‌జంపర్ కూడా స్ప్రింగులు లేని ఇనుప సైకిలే. ముందు షాకబ్జర్లు వచ్చింది ఆ దశాబ్దం చివరన. అంటే కొండ సైకిలు పుట్టిందే ఇలా. పేదరికం వల్ల మనం సర్దుకున్న వస్తువు కాదది.

ఇప్పుడు కొనేవారికి మేము నేర్చుకున్నవి చెబుతాం.

మొదట కొలత చూడండి. సీటు మీద కూర్చుని మడమను కింది పెడలు మీద పెడితే కాలు నిటారుగా చాపినట్టు ఉండాలి. ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది. హ్యాండిలు సీటుతో సమానంగానో కొంచెం ఎత్తుగానో ఉండాలి. వాలి అందుకోవలసి వస్తే బరువంతా అరచేతుల మీద పడి, గంటలో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. హ్యాండిలు వెడల్పుగా ఉంటే రాళ్ళల్లో అదుపు దొరుకుతుంది.

రెండవది టైరు. ఫోర్కులో ఎంత లావు టైరు పడుతుందో, పడిన తరువాత పక్కల వేలు పట్టేంత సందు ఉందో చూడండి. లేకపోతే మా పెద్దాయన కట్టెపుల్ల మీకూ కావలసి వస్తుంది. గాలి రాయిలా కొట్టించుకోకండి. మాలో ఒక్కరే తొక్కేటప్పుడు ముందు 25, వెనక 32 పీఎస్‌ఐ దగ్గర పెడతాం. వెనక మనిషి కూర్చుంటే వెనక 45 దాకా పోతాం. గాలి తగ్గితే టైరు రాయిని చుట్టుకుని పోతుంది, పెరిగితే రాయి మీద ఎగురుతుంది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ నడుమ ట్యూబు నలిగి, పాము కాటులాగ రెండు బొక్కలు పడతాయి. కనుక వారానికి ఒకసారైనా చూసుకోవాలి. పల్లేరుకాయలకూ తుమ్మముళ్ళకూ మేస్త్రీ పాత ట్యూబును నిలువుగా చీల్చి టైరు లోపల పొరలాగ వేశాడు. పంచర్లు సగానికి సగం తగ్గాయి.

మూడవది పళ్ళ లెక్క. మా సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. ఒక్క తొక్కుడుకు ఐదు మీటర్లు పోతుంది. సమతలం మీద బాగుంటుంది గాని ఎక్కుడులో గుండె నోట్లోకి వస్తుంది. 22 పళ్ళ ఫ్రీవీలు వేయించాం. ఇప్పుడు తొక్కుడుకు నాలుగు మీటర్లకు కొంచెం పైన. వేగం తగ్గింది, ఎక్కుడు తేలికైంది. ఇంకా నిలువుగా ఉన్నచోట దిగి నడుస్తాం. అందులో సిగ్గు లేదు.

నాలుగవది బ్రేకులు. ఇనుప రిమ్ము వానలో తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. అందుకని ఫ్రేము ఇనుపదైనా రిమ్ములు అల్యూమినియంవి వేయించాం. బ్రేకు కట్టలు ఏ పల్లె కొట్టులోనైనా దొరికే రకమే ఉంచాం.

ఐదవది, ఇనుము సంగతి. ఇనుము బరువే, తుప్పు పడుతుంది, తుడిచి నూనె వేయాలి. కాని చాలావరకు విరిగే ముందు వంగుతుంది, రంగు చిట్లుతుంది, కిర్రుమంటుంది. బిలాము గాడిదలాగ ముందే మాట్లాడుతుంది, వినేవాళ్ళుంటే. విరిగినా గ్యాసు వెల్డింగు వాడు ఇత్తడి పోసి అతికిస్తాడు. దానికి నిజమైన క్యారియరు బిగుస్తుంది. వెనక కూర్చున్నవాళ్ళు పక్కకు తిరగరు.

చివరిది, మీ ఒళ్ళు. రాళ్ళ మీదికి రాగానే సీటు మీద నుండి కొంచెం లేచి, పెడళ్ళు రెండూ సమంగా ఉంచి, మోకాళ్ళూ మోచేతులూ వదులుగా వంచండి. దేవుడు ఇచ్చిన షాకబ్జర్లు అవే. బిగుసుకుపోయినవాడికి ఏ సైకిలూ మెత్తగా ఉండదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. వేగంగా దూకుతూ దిగేవారికి, మంచి షాకబ్జర్లు కొని వాటిని ఏటా విప్పి బాగుచేయించుకోగలవారికి, అవి నిజంగానే మేలు చేస్తాయి. చవక స్ప్రింగులు మాత్రం బరువు పెంచి, మొదటి వానాకాలానికే బిగుసుకుపోతాయి. మా పని దూకడం కాదు, నెలనెలా చేరడం.

ఆ ఊగే సైకిలును ఏం చేశామో కూడా చెప్పాలి. వనపర్తి పిల్లలకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. చెప్పడానికి మా ఇద్దరికీ వారం పట్టింది. వాళ్ళు బాధపడతారనుకున్నాం. "అమ్మెయ్యిర్రి అయ్యగారూ, మీరు బాగుంటే చాలు" అన్నారు. అమ్మిన డబ్బుతో సాదా సైకిలు, మరమ్మతులు పోగా కొంత మిగిలింది. అది అవ్వ మందులకు పోయింది.

సైకిలు మార్చడంతో పని అయిపోలేదు. అసలు తప్పు సైకిలులో లేదని ఇద్దరికీ తెలుసు. ఆ నెలలోనే ఆశమ్మ దగ్గరకు పోయి కూర్చున్నాం. అప్పటి నుండి గోళీలు ఆమె ఇస్తుంది. మేము పోయినా పోకపోయినా అవ్వకు అందుతాయి. మొదటిసారి అవ్వ ఆమె చేతి నుండి తీసుకోలేదు. మేము పక్కన కూర్చుని, "అవ్వా, మేము తెచ్చినా ఈమె తెచ్చినా గోళీ ఒకటే. మేము రాలేని నెల ఉంటది" అని చెప్పాం. చాలాసేపు మా ముఖాలు చూసి కుడిచెయ్యి చాపింది. అంతకుముందు ఎన్నేళ్ళుగానో ఆ మాట చెప్పవలసింది మేము. మనుషులు మనకోసం ఎదురుచూడడం మనకు తియ్యగా ఉంటుంది, అందుకే చెప్పలేదు.

ఇప్పటికీ మొదటి శనివారం పోతూనే ఉన్నాం. అవ్వ ఎడమ చేతి వేళ్ళు కొద్దిగా కదులుతున్నాయి. చెరువు కట్ట దాకా నడవలేదు. అందుకని సైకిలు క్యారియరు మీద గోనెసంచి మడిచి వేసి, ఆమెను కూర్చోబెట్టి, ఒకరం హ్యాండిలు పట్టుకుని, ఒకరం వీపు పట్టుకుని, మెల్లగా నడిపించుకుపోతాం. అరకిలోమీటరు కూడా ఉండదు. పోయిన నెల దారిలో అడిగింది: "ఈ సైకిలు పాతదా బిడ్డా?" కొత్తదే అవ్వా అన్నాం. "పాతదాని లెక్క కుదురుగ ఉన్నది" అంది.

తమ్ముడూ, నీవు సైకిలు కొనేటప్పుడు కొట్లో ఊగి చూడకు. ఎవరి దగ్గరకు, ఏ దారిన, ఎన్నేళ్ళు పోవాలో తలచుకుని చూడు. మిగతా పాఠకులారా, సైకిలు కొనే ఆలోచన మీకు లేకపోవచ్చు. అయినా ఈ వారం ఒక్కసారి లెక్క చూసుకోండి: మీరే వస్తారని ఎవరైనా అరుగు మీద కూర్చుని ఉన్నారా? పోగలిగితే పోండి. పోలేకపోతే, రాలేమని ఈరోజే చెప్పి పంపండి.

మీ ప్రార్థనలలో మా అవ్వను జ్ఞాపకం చేసుకోండి.